బటన్ చుట్టూ నీలం గీత

మార్చి 3, సోమవారం

పెద్దసారు ఒప్పుకున్నారు! ఎన్నాళ్ళుగానో మూలపడేసిన డైరీ ఇందుకే బయటికి తీశాను. ఇలాంటి రోజు రాసిపెట్టుకోకపోతే ఇంకెప్పుడు రాస్తాను.

మా ఆఫీసులో మూడు టీములు. ఒకటి ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల పేజీ చేస్తుంది, ఒకటి బస్సు టికెట్లది, ఒకటి బడులకు మార్కుల పేజీ. అందరూ ఒకే హాల్లో కూర్చుంటారు, ఒకే మెషీన్ కాఫీ తాగుతారు. బటన్లు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఆసుపత్రి వాళ్ళది గుండ్రం, టికెట్ల వాళ్ళది చదరం, బడి వాళ్ళది ఏ ఆకారమో వాళ్ళకే తెలియదు. క్యాలెండర్ అయితే ఒక చోట ఆదివారంతో మొదలవుతుంది, ఇంకో చోట సోమవారంతో. చూసి చూసి నా ప్రాణం విసిగింది. బటన్, రాసే పెట్టె, క్యాలెండర్, "నిజంగా రద్దు చేయాలా?" అని అడిగే చిన్న కిటికీ, ఇవన్నీ ఒక్కసారి మంచిగా చేసి లైబ్రరీలా ఒక్క చోట పెడదాం, అందరూ అక్కణ్ణించే తీసుకుని వాడదాం అని రెండేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ఈ రోజుకి విన్నారు.

"చెయ్యమ్మా. జూన్ మొదటి వారం దాకా టైమిస్తా. కానీ ఒక్క మాట. కనీసం రెండు టీములు వాడాలి. ఒక్క టీమే వాడితే దాన్ని లైబ్రరీ అనరు. అప్పుడు మూసేసి నువ్వు మళ్ళీ పాత పనికి పోవాలి, సరేనా?"

పాత పని అంటే మూడు టీములు చేసిన తప్పుల్ని వెనక నించి దిద్దుకుంటూ పోవడం. చచ్చినా పోను. సరే సార్ అన్నాను.

మార్చి 5

ఒక్క బటనుకు ఇంత కథ ఉంటుందని బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. ఊరికే ఉన్నప్పుడు ఒక రంగు, నొక్కినప్పుడు ఇంకో రంగు, పని జరుగుతుంటే ఆగమని చెబుతూ తిరిగే సున్నా, నొక్కడానికి వీల్లేనప్పుడు వెలిసిన బూడిద రంగు. అక్షరాలు ఎక్కువైతే సాగాలి, తక్కువైతే కుంచించుకుపోకూడదు. అన్నీ పెట్టాను.

ఒక్కటే కంట్లో నలుసులా ఉండేది. కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుకుంటూ పోతే మనం ఏ బటన్ మీద ఉన్నామో చూపించడానికి బ్రౌజర్ దాని చుట్టూ ఒక నీలం గీత గీస్తుంది. నేను అంత ముద్దుగా దిద్దిన బటనుకు ఆ మోటు గీత! ఒక్క లైనుతో తీసి పారేశాను. హాయిగా ఉంది.

మార్చి 7

బటన్ పూర్తయింది. అందగత్తె.

మార్చి 13

లైబ్రరీకి మొదటి పేజీ రాశాను. ఎంత బాగా వచ్చిందంటే ఇక్కడ కూడా దించుకుంటున్నాను.

"కొత్తది రాసే ముందు ఇక్కడ ఉందేమో చూడండి. ఉంటే వాడండి. సరిపోకపోతే నన్ను అడగండి."

ముక్కుసూటిగా ఉంది. నాలాగే.

మార్చి 23, ఆదివారం

అక్క కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఫ్యాను తుడవబోయి పడింది. కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా పిండికట్టు. ఆస్పత్రి నించి తీసుకొస్తుంటే దారంతా తిట్లు. తప్పు కుర్చీదట, ఫ్యానుదట, ముందే తుడవని నాదట. లెక్కల టీచరు కదా, ఎవరి వంతు ఎంతో కచ్చితంగా పంచింది.

అన్నం పెట్టబోతే "ఎడం చెయ్యి విరగలేదు కదా" అని ప్లేటు లాక్కుంది. పెళ్ళి నుంచి బయటపడి నా దగ్గరికి వచ్చిన రోజు కూడా ఇంతే, పెట్టె నన్ను మొయ్యనివ్వలేదు.

మార్చి 28

ఆసుపత్రి టీము నా లైబ్రరీ పెట్టుకుంది! పొద్దున్నించీ ఆ పేజీలో ఎవరు ఏది నొక్కినా అది నా బటనే. ఎక్కడో ఎవరో పంటినొప్పితో, ఎవరో చంటిపిల్ల జ్వరంతో, నేను దిద్దిన అంచుల మీద వేలు పెడుతున్నారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. లిఫ్టులో ఎవరో తెలియని మనిషి ఫోనులో ఆ పేజీ చూస్తుంటే ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పెట్టుకోనీ.

ఒక టీము వచ్చింది. ఇంకొక్కటి చాలు. బడి వాళ్ళకు పరీక్షల కాలం, ఇప్పుడు దేన్నీ ముట్టుకోం అన్నారు. కాబట్టి మిగిలింది టికెట్ల వాళ్ళే. వాళ్ళకు మాత్రం ఇంతకన్నా ఏం కావాలి?

ఏప్రిల్ 2

టికెట్ల టీము పెద్ద, అందరూ మీసాలాయన అంటారు, నా బల్ల దగ్గరికి వచ్చాడు. మీసం సవరించుకుని, బటన్ చాలా బాగుందన్నాడు. తెలుసన్నాను.

"కానీ ఆ నీలం గీత తీసేశారు కదండీ, అది మాకు కావాలి. మా బస్టాండు కౌంటర్లలో మౌస్ ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఎదురుగా జనం. కీబోర్డు మీదే టకటకా కొట్టుకుంటూ పోతారు. గీత లేకపోతే ఎక్కడున్నారో వాళ్ళకి తెలీదు."

"అలవాటైపోతుందిలెండి. అడగాల్సినవన్నీ రాసే జాబితా ఉంది కదా, ఆ వరసలో పెట్టండి, చూస్తాను."

వరసలో పెట్టాడు. నేను చూశాను. గీత గీస్తే బటన్ మొహం చెడుతుంది. వద్దని రాశాను.

ఏప్రిల్ 9

మీసాలాయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.

ఏప్రిల్ 11

మళ్ళీ. ఈసారి బొమ్మ గీసి తెచ్చాడు. క్యాలెండర్ పనిలో ఉన్నానని చెప్పాను. ఉన్నాను కూడా.

ఏప్రిల్ 15

టికెట్ల టీము నా బటన్ కోడు మొత్తం ఎత్తుకెళ్ళి వాళ్ళ దాంట్లో పెట్టుకుంది. లైబ్రరీ నించి తీసుకోవడం కాదు, కాపీ. కాపీ చేసి, మార్చి, వాళ్ళ పేరు పెట్టుకుని, వాళ్ళ పాటికి వాళ్ళు వాడుకుంటున్నారు.

నాకేం కోపం లేదు.

ఏప్రిల్ 16

నాకేం కోపం లేదు. కాఫీ మెషీన్ దగ్గర కనిపిస్తే మర్యాదగానే అడిగాను.

"నా బటన్ దొంగిలించారు."

"దొంగిలించలేదండీ, తీసుకెళ్ళి పెంచుకుంటున్నా."

"అడగాలని మొదటి పేజీలో రాసి ఉంది."

"మూడుసార్లు అడిగాను కదండీ. ఇంకా ఎన్నిసార్లు అడగమంటారు?" కాఫీ నా చేతికే ఇచ్చి తనకు ఇంకొకటి పట్టుకున్నాడు. కోపం కూడా రాదు ఆ మనిషికి. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం పెద్దసారు పిలిచారు. కాపీ లెక్కలోకి రాదన్నారు. లైబ్రరీని ఇప్పటికి వాడుతున్నది ఒక్క టీమేనట. జూన్ మాట గుర్తు చేశారు. గొంతు మామూలుగానే ఉంది, అదే భయం వేసింది.

ఇంట్లో అక్కతో ఈ సంగతంతా చెప్పాను. కట్టు లోపల దురద అని స్కేలు దూర్చి గోక్కుంటూ విన్నది. "మూడుసార్లు అడిగాడా?" అంది. మళ్ళీ స్కేలు దూర్చింది. ఆవిడ ఎవరి వైపో నాకు అర్థం కాదు.

ఏప్రిల్ 27, ఆదివారం

కట్టు విప్పడానికి అక్కకు మంగళవారం ఉదయం అపాయింట్‌మెంటు ఉంది. అదే టైముకు బళ్ళో ఏదో మీటింగు, సాయంత్రానికి మార్చుకోవాలట. నా పేజీయే కదా, నేను మారుస్తానన్నాను. "నువ్వు పక్కకి జరుగు" అని లాప్‌టాప్ తన ముందుకు లాక్కుంది. ఎడం చేత్తో మౌస్ ఒక చోట నిలవదు కాబట్టి ట్యాబ్ నొక్కుకుంటూ పోయింది. మార్కుల పేజీలో అలాగే అలవాటట.

"ఏమే చిన్నీ, ఎక్కడున్నానే నేను?"

"పేజీలో ఉన్నావు."

"అది నాకూ తెలుసు. పేజీలో ఎక్కడ?"

"రెండు నొక్కులు నొక్కావు కదా, 'సమయం మార్చు' మీద ఉంటావు."

నిజానికి మూడు నొక్కింది. "రద్దు చేయి" మీద ఉంది. ఎంటర్ కొట్టింది. "నిజంగా రద్దు చేయాలా?" అని నా చిన్న కిటికీ ఎంతో అందంగా తెరుచుకుంది. "వద్దు" మీదికి వెళ్ళాననుకుని అక్క మళ్ళీ ఎంటర్ కొట్టింది. "అవును" మీద ఉంది.

అపాయింట్‌మెంటు పోయింది. మళ్ళీ ఖాళీ దొరికేది పై వారమే. ఇంకా అన్నాళ్ళు ఆ కట్టుతో, ఆ దురదతో, ఆ స్కేలుతో.

"మా మార్కుల పేజీలో నీలం గీత కనపడుతుంది. ఇందులో ఎవడో బుద్ధిలేనివాడు తీసేశాడు" అంది.

లాప్‌టాప్ మూసేశాను. అసలు సంగతి ఏమిటంటే అక్కకు ఓపిక తక్కువ. నింపాదిగా లెక్కపెట్టుకుని నొక్కి ఉంటే సరిపోయేది.

ఏప్రిల్ 28

నింపాదిగా లెక్కపెట్టుకుని నొక్కాను.

ఆఫీసులో మౌస్ తీసి సొరుగులో పడేసి, నా పేజీలో నేనే అపాయింట్‌మెంటు మార్చుకోవడానికి కూర్చున్నాను. ఆ బటన్లన్నీ నేను కన్నవి. ఏది ఏ వరసలో వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అయినా క్యాలెండర్ దాటేసరికి తప్పిపోయాను. వేలు ఎంటర్ మీద పెట్టి, కొట్టడానికి భయపడి, తీసేశాను. సొంత ఇంట్లో దీపం ఆర్పేస్తే గోడ తడుముకున్నట్టుంది.

కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఎదురుగా జనాన్ని పెట్టుకుని ఇలా తడుముకోవాలని నేను మూడుసార్లు చెప్పినట్టే.

తర్వాత టికెట్ల వాళ్ళ కాపీ తెరిచి చూశాను. ఎలా చెడగొట్టాడో చూద్దామని. మీసాలాయన పాత మోటు గీతను తిరిగి పెట్టలేదు. బయట ముదురు నీలం, దానికీ బటనుకూ మధ్య సన్నగా తెలుపు, కింద ఏ రంగు ఉన్నా కనపడేలా. అంచుల వంపు కూడా నా వంపుకు సరిగ్గా కుదిర్చాడు. మౌస్‌తో నొక్కితే రాదు, కీబోర్డుతో వెళ్తేనే వస్తుంది. అంటే నాకు నచ్చిన అందం నాకు ఉంది, వాళ్ళకు కావలసింది వాళ్ళకు ఉంది.

బాగుంది. ఎంత బాగుందంటే ట్యాబ్ నొక్కుకుంటూ ఆ పేజీ మొత్తం రెండుసార్లు తిరిగాను.

ఏప్రిల్ 29

మీసాలాయన బల్ల దగ్గరికి నేనే వెళ్ళాను. ఇంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. కిటికీ పక్కన సీటు, బల్ల నిండా కౌంటర్లలో తీసిన ఫొటోలు, పగిలిన కీబోర్డులు.

"మీ గీత బాగుంది. లైబ్రరీలో పెట్టండి. మీ చేత్తో మీరే పెట్టండి."

లేచి నిలబడ్డాడు. ముచ్చటపడ్డాడని మీసం చెప్పింది. కానీ వెంటనే ఒప్పుకోలేదు.

"పెడతానండీ. ఈ గీత ఒక్కటీ అయితే సంతోషంగా పెడతా. మరి రేపు ఇంకోటి కావాలంటే? మళ్ళీ మీ బల్ల దగ్గర నిలబడాలా?"

"మరేం చేద్దామంటారు?"

"ఎవరైనా మార్చి పంపొచ్చు అనండి. వేరే టీములో ఒకరు చూసి సరే అంటే లోపలికి వెళ్ళిపోవాలి. చూసుకునే పని నెలకొక టీము వంతు. అలాగైతే మా కాపీ ఈ రోజే తీసి అవతల పారేస్తా. మీదే వాడతాం."

మీదే అన్నాడు గానీ, ఆ పద్ధతిలో అది నాది ఎలా అవుతుంది? ఆలోచించి చెబుతానన్నాను.

మే 1

ఇవ్వను.

మే 2

ఇవ్వను. రాత్రనక పగలనక దిద్దుకున్నది నేను. క్యాలెండర్లో ఫిబ్రవరి సరిగ్గా రావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఎవడుపడితే వాడు వచ్చి చెయ్యిపెడతానంటే? ఒకడు అంచులు మారుస్తాడు, ఒకడు రంగు మారుస్తాడు, ఆర్నెల్లలో మళ్ళీ మూడు రకాల బటన్లు.

నాకేం కోపం లేదు.

మే 4, ఆదివారం

అక్క ఎడం చేత్తో రాయడం నేర్చుకుంటోంది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాలట. ఒకటో తరగతి అక్షరాల్లా ఉన్నాయి. నవ్వాను. "నవ్వవే, నవ్వు. నువ్వు రాసిపెడతానంటే మాత్రం వద్దు" అంది.

"ఎందుకు ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వవు?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అక్క నన్ను తేరిపార చూసింది. తర్వాత పెన్ను నా చేతిలో పెట్టింది. "సరే రాయి. నేను మార్కులు చెప్తా, నువ్వు వెయ్యి." మధ్యాహ్నం దాకా ఇద్దరం దిద్దాం. రెండు చోట్ల నేను కూడినది తప్పని మొట్టికాయ పెట్టింది. ఎడం చేత్తో కూడా బాగానే పెడుతుంది.

మే 5

ఇచ్చాను.

మొదటి పేజీ తెరిచి, "సరిపోకపోతే నన్ను అడగండి" అన్న వాక్యం కొట్టేశాను. "సరిపోకపోతే మార్చి పంపండి. ఎవరినీ అడగక్కర్లేదు" అని రాశాను. రాశాక టీ తాగడానికి వెళ్ళి, తిరిగొచ్చి, ఇంకోసారి చదివాను. అలాగే ఉంచాను.

మే 6

మీసాలాయన గీత పంపాడు. ఆసుపత్రి టీములో ఒకమ్మాయి చూసి సరే అంది. నేను చూస్తూ కూర్చున్నాను, వేలు కూడా కదపలేదు. భోజనాల వేళకల్లా ఆసుపత్రి పేజీలో ప్రతి బటన్ చుట్టూ, ప్రతి పెట్టె చుట్టూ, క్యాలెండర్లో ప్రతి తేదీ చుట్టూ గీత వచ్చింది. ఒక్క చోట మారిస్తే అన్ని చోట్లా మారింది. నేను పెద్దసారుకు రెండేళ్ళుగా చెబుతున్నది ఇదే! నేను చేసిన తప్పు ఏ దారిన ఇల్లిల్లూ తిరిగిందో, ఆయన దిద్దుబాటూ అదే దారిన వెళ్ళింది. దారి వేసింది నేను. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇంటికి వెళ్ళి అక్క ముందు లాప్‌టాప్ పెట్టాను. కట్టు విప్పడానికి ఈ వారం దొరికిన టైమూ ఉదయమే, మళ్ళీ సాయంత్రానికి మార్చుకోవాలి. ట్యాబ్ నొక్కింది. ఇంకోటి నొక్కింది. "ఇదిగో, ఇక్కడున్నా" అంది తనలో తనే. మార్చేసుకుంది. నా వంక చూడకుండా, "ఆ బుద్ధిలేనివాడికి బుద్ధొచ్చినట్టుంది" అంది.

"అక్కా, ఆ బుద్ధిలేనివాడు నేనే."

"తెలుసులేవే. నెలన్నర నించి బటన్ బటన్ అని నా చెవులు తినేస్తుంటే ఇంకెవరనుకుంటా? నీ అంతట నువ్వే చెప్తావని ఆగా."

జూన్ 5

పెద్దసారు మీటింగు. మీసాలాయన లేచి, మా కాపీ తీసి పారేశాం సార్, లైబ్రరీయే వాడుతున్నాం అన్నాడు. బడి టీము వాళ్ళు, పరీక్షలు అయిపోయాయి కాబట్టి మేమూ పెట్టుకుంటాం అన్నారు. నేను అడగకుండానే! పెద్దసారు నా వైపు చూసి, "మూయక్కర్లేదన్నమాట" అన్నారు. ఆయన పొగడ్త అంతే. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఏసీ అని చెప్పాను.

ఈ నెల చూసుకునే వంతు టికెట్ల వాళ్ళది. నన్ను కొన్నాళ్ళు కొత్త పనికి పంపుతున్నారు, వాహనాల పార్కింగ్ పేజీకి. పాత పనికి కాదు.

జూలై 18

లైబ్రరీ వంక చూడకుండా ఇన్నాళ్ళు ఉండగలిగాను. రెండుసార్లు చూశాను. మూడు.

సెప్టెంబరు 11

ఈ రోజు గురించి ఉన్నదున్నట్టు రాయాలి.

పార్కింగ్ పేజీలో, బండి ఎన్నింటికి తెస్తారో ఎంచుకోవడానికి ఒక పెట్టె కావాలి. గంటలు, నిమిషాలు. లైబ్రరీలో నేను అలాంటిది చేయలేదు. సరే, రాద్దామని మొదలుపెట్టాను. పక్క సీట్లో ఈ వారమే చేరినావిడ ఉంది. ఇంతకుముందు బ్యాంకులో చేసి వచ్చింది, నా ఈడే ఉంటుంది. నేనెవరో ఆవిడకు తెలియదు. కుర్చీ నా వైపు జరుపుకుని తెర మీదికి చూసింది.

"మేడం, ఏం రాస్తున్నారు?"

"టైం ఎంచుకునే పెట్టె."

"అయ్యో, అది లైబ్రరీలో ఉంది కదండీ! మీరు చూసుకోలేదా?" పాపం నేను తిట్లు తింటానని ఆవిడ భయం. గొంతు తగ్గించింది. "ఇక్కడ సొంతంగా రాయకూడదు మేడం. కొత్తది రాసే ముందు ఉందేమో చూడాలి, ఉంటే వాడాలి, సరిపోకపోతే మార్చి పంపాలి. ఎవరినీ అడగక్కర్లేదు కూడా. మొదటి పేజీలోనే ఉంది."

"ఎవరు పెట్టారండీ ఈ రూలు?"

"ఏమో మేడం. అది ఎప్పట్నించో ఉంది."

ఎప్పట్నించో! మార్చిలో పుట్టింది. నేనేనని చెబుదామని నోరు తెరిచాను కూడా. నా పొగరు నాకు తెలుసు, ఇంకెప్పుడైనా అయితే వంశవృక్షంతో సహా చెప్పేదాన్ని. కానీ ఆవిడ మొహంలో, ఇల్లు ఎవరు కట్టారో తెలియకపోయినా ఏ గది ఎక్కడుందో తెలిసిన మనిషి ధీమా ఉంది. ఇంత గర్వం నాకు ఆసుపత్రి పేజీ రోజున కూడా కలగలేదు. థాంక్సండీ, చూసుకోలేదు అన్నాను.

రాసినదంతా తుడిచేశాను. లైబ్రరీ తెరిచాను. టైం పెట్టె ఉంది, ఎవరు చేశారో నాకు తెలియదు, అడగలేదు. తెచ్చి పార్కింగ్ పేజీలో పెట్టాను. మౌస్ పక్కకు జరిపి ట్యాబ్ నొక్కాను. పెట్టె చుట్టూ నీలం గీత వచ్చింది.